మాటలొచ్చాక వేయిద్దాం

2017 మే నెలలో ఒక పొద్దున మా పాప డేకేర్ తలుపు మీద కొత్త కాగితం కనిపించింది. పైన ఇంగ్లీషు, కింద సోమాలి. ఊళ్లో మీజిల్స్ తిరుగుతోంది, మీ పిల్లల టీకా కార్డు తెచ్చి చూపించండి అని సారాంశం. మీజిల్స్ అంటే మన తట్టు అని అర్థమవడానికి నాకు ఒక నిమిషం పట్టింది. తట్టు మా నాయనమ్మ నోట విన్న మాట. తెనాలిలో ఆ రోజుల్లో గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డని చీకటి గదిలో పడుకోబెట్టి, ఇంట్లో తాలింపు వాసన కూడా రానివ్వకుండా కాచుకునేవాళ్లట. ఆవిడకి ఎనిమిది కాన్పులైతే ఐదుగురు మిగిలారు. పోయిన ముగ్గురిలో ఒకర్ని తట్టే తీసుకుపోయింది. ఆ జబ్బు మినియాపొలిస్‌లో మా పాప ఉండే గది దాకా వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు.

పాపకి అప్పుడు ఏడు నెలలు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా ఎంఎంఆర్. అమెరికాలో దాని మొదటి డోసు ఏడాది నిండాక వేస్తారు. ఇండియా ప్రయాణం ఉంటే ఆరు నెలలు దాటాక ముందస్తుగా ఒకటి వేస్తారు కానీ, మేం ఆ ఏడు వెళ్లడం లేదు. తట్టు వచ్చిన మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ వైరస్ గాలిలో ఉండగలదు. రక్షణ లేనివాళ్లు పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. ఆ వారం నేను లిఫ్టులో ఎవరైనా దగ్గితే ఊపిరి బిగబట్టేదాన్ని. లోకంలోని పిచ్చి టెన్షనంతా నాకే వచ్చినట్టుండేది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మా పెద్దవాడికి అప్పటికి మూడేళ్లు. వాడికి మాటల్లేవు. ఏడాదిన్నర వయసులో ఉన్న నాలుగు మాటలూ పోయాయి. "వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదు, మేనమామ పోలిక కూడాను" అని తెనాలి నుంచీ విజయవాడ నుంచీ ఫోన్లలో ధైర్యం చెబుతుండేవాళ్లు. ఆటిజం పరీక్ష కోసం పేరు నమోదు చేయిస్తే మా వంతు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలు రాత్రిళ్లు నేను ఫోన్లో, ఎంఎంఆర్ వల్లే ఆటిజం వస్తుందంటూ రాసినవి, ఏమేం చదివానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నది టీకాలంటే ఎప్పుడూ అనుమానమే లేని మనిషి కాదు.

డేకేర్‌లో మా పాపని చూసుకునే ఆవిడ సోమాలియా నుంచి వచ్చింది. కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరంలో పెరిగింది. నన్ను "వలాల్" అని పిలిచేది, అంటే తోడబుట్టినదానా అని. యాలకులు దట్టంగా వేసిన వాళ్ల టీ, షాహ్, ఫ్లాస్కులో తెచ్చి నాకో గ్లాసు పోసేది. కాగితం అంటించిన మర్నాడు తనే అడిగింది. "వలాల్, నీ చిన్నదానికి ఏడాది నిండాక ఆ సూది వేయిస్తావా?" మా వాడి సంగతి ఆమెకి తెలుసు. నేను జవాబు చెప్పేలోపు తనే చెప్పింది: వాళ్ల చెల్లెలి పెద్దకొడుక్కి ఐదేళ్లొచ్చినా మాటల్లేవు. రెండోవాడికి ఎంఎంఆర్ వేయించలేదు. "అసలు వేయించం అని కాదు, మాటలొచ్చాక వేయిద్దాం అనుకుంటోంది."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎందుకంటే నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను.

తర్వాత ఈ విషయం మీద పడి చదివాను. మా మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టిన సోమాలి పిల్లల్లో 2004లో రెండేళ్లు నిండేసరికి ఎంఎంఆర్ పడ్డవాళ్లు 92 శాతం. అదే కాలంలో రాష్ట్రంలోని మిగతా పిల్లల్లో 88 శాతం. అంటే యుద్ధం నుంచి పారిపోయి, శిబిరాల్లో బతికి, ఇంగ్లీషు కూడబలుక్కుంటున్న తల్లులు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల కంటే ఎక్కువగా టీకా వేయించారు. వాళ్లకు తట్టు పుస్తకంలో బొమ్మ కాదు. వాళ్ల భాషలో దానికి సొంత పేరుంది, దానితో పోయిన పిల్లల పేర్లూ గుర్తున్నాయి. 2010కి ఆ 92 కాస్తా 54 అయింది. 2014లో పుట్టిన పిల్లల దగ్గరకొచ్చేసరికి 42.

"చదువు లేదు, మూఢనమ్మకాలు, వాళ్ల మతం" అని మన తెలుగు గ్రూపుల్లోనే ఒకరిద్దరు తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. పదేళ్లలో ఒక జనం మొత్తం ఉన్న చదువు మర్చిపోతారా? చదువు లేకపోవడమే కారణమైతే 2004లో ఆ 92 ఎక్కడి నుంచి వచ్చింది? ఇక మతం సంగతి. ఇక్కడ వాడే ఎంఎంఆర్‌లో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుందన్నది నిజమే. అసలు పదార్థం పూర్తిగా వేరేదిగా మారిపోయాక దాన్ని వాడొచ్చని ఇస్లామిక్ వైద్య పండితుల సమావేశం 1995లోనే తేల్చింది. ఇక్కడి ఇమాముల్లో చాలామంది వేయించమనే చెప్పారు. మినియాపొలిస్‌లో అడ్డు అది కాదు.

అడ్డు ఎక్కడ మొదలైందో చూడాలంటే 2008కి వెళ్లాలి. సెడార్-రివర్‌సైడ్ అని మిసిసిపీ నది ఒడ్డున ఒక పేట ఉంది. పెద్ద పెద్ద కాంక్రీటు టవర్లు, వాటి నిండా సోమాలి కుటుంబాలు. ఆ తల్లులు ఒక విషయం గమనించారు. ప్రత్యేక అవసరాలున్న చిన్నపిల్లల తరగతుల్లోకి చూస్తే, ఆటిజం ఉన్న పిల్లల్లో తమ పిల్లలే ఎక్కువగా కనిపిస్తున్నారు. ఆ జబ్బుకి సోమాలి భాషలో పేరు కూడా లేదు. స్వదేశంలో చూడని జబ్బు ఇక్కడికొచ్చాకే వచ్చిందంటే, ఇక్కడ ఏదో ఉంది. స్టాక్‌హోమ్‌లో ఉన్న సోమాలి తల్లులు దీన్ని స్వీడన్ జబ్బు అన్నారట. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా తల్లులు వేసిన లెక్క ఒకటే.

వాళ్లు అడిగిన ప్రశ్న తప్పు కాదు. నా దృష్టిలో అసలు సంగతి అంతా ఇక్కడే ఉంది. రాష్ట్ర ఆరోగ్యశాఖ 2009లో లెక్క తీసింది. అవును, ఆ తరగతుల్లో సోమాలి పిల్లల వాటా ఎక్కువగానే ఉంది అంది. ఎందుకో మాత్రం ఆ లెక్కలో తేలలేదు. ఇంకా గట్టి అధ్యయనం మిన్నెసోటా విశ్వవిద్యాలయం చేసింది. దాని ఫలితాలు 2013 డిసెంబరులో వచ్చాయి. మినియాపొలిస్‌లో 7 నుంచి 9 ఏళ్ల సోమాలి పిల్లల్లో 32 మందికి ఒకరికి ఆటిజం, తెల్లవాళ్ల పిల్లల్లో 36 మందికి ఒకరికి. పెద్ద తేడా ఏమీ లేదన్నమాట. కానీ ఆటిజం ఉన్న సోమాలి పిల్లలందరికీ దానితో పాటు బుద్ధిమాంద్యం కూడా ఉంది. మిగతా పిల్లల్లో అలాంటివాళ్లు మూడోవంతే. అంటే తల్లుల కళ్లు మోసం చేయలేదు. తమ పిల్లల్లో ఇది తీవ్రంగా వస్తోందని వాళ్లు చూశారు, అది నిజమే. ఎందుకు అన్నదానికి ఆ అధ్యయనంలోనూ జవాబు లేదు.

ప్రశ్న వేసిన ఐదేళ్లకు సగం జవాబు. ఈ ఐదేళ్లలో ఖాళీ ఖాళీగా ఉంటుందా?

ఆండ్రూ వేక్‌ఫీల్డ్ ఆ ఖాళీలోకే వచ్చాడు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లలతో రాసిన ఒక్క వ్యాసంతో ఎంఎంఆర్‌కీ ఆటిజానికీ ముడిపెట్టిన బ్రిటిష్ డాక్టరు. టీకా కంపెనీల మీద కేసు వేస్తున్న లాయర్ల నుంచి డబ్బు తీసుకుని ఆ సంగతి దాచాడు. కొడుకు పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లలకి ఐదేసి పౌండ్లిచ్చి రక్తం తీయించాడు. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. మే నెలలో బ్రిటన్ అతని పేరు డాక్టర్ల జాబితాలోంచి కొట్టేసింది. సొంత దేశంలో పరువు పోయాక, 2010 చివర్లో, మళ్లీ 2011లో మినియాపొలిస్ వచ్చి సోమాలి తల్లిదండ్రులతో సమావేశాలు పెట్టాడు. అయితే తారీఖులు ఒకసారి చూడండి. అతను వచ్చేటప్పటికే శాతం సగానికి పడిపోయింది. మంట అతను పెట్టలేదు, కిరసనాయిలు పోశాడు.

2011లో కెన్యా నుంచి తిరిగొచ్చిన ఒక పసివాడితో మొదలై 21 మందికి తట్టు వచ్చింది. తర్వాత 2017. ఏప్రిల్‌లో మొదలైన వ్యాప్తి ఇంకా పెరుగుతుండగానే, ఆ నెలాఖరున టీకా వ్యతిరేకులు ఒక సోమాలి హోటల్లో సభ పెట్టి మరీ ఆటిజం భయం నూరిపోశారు. వాళ్లు వచ్చారు, మాట్లాడారు, వెళ్లిపోయారు. వాళ్లలో ఎవరైనా ఒక్క పిల్లాడికైనా స్పీచ్ థెరపీ ఏర్పాటు చేశారని నేను వినలేదు. ఆగస్టు చివరికి వ్యాప్తి ముగిసిందని ప్రకటించేసరికి మొత్తం 75 మందికి వచ్చింది. పదిమందిలో ఎనిమిదిమంది సోమాలి పిల్లలే. దాదాపు అందరికీ టీకా లేదు. ఎనిమిది వేల మందికి పైగా ఆ గాలిలో తిరిగారు. ఎవరూ చనిపోలేదు. మంచి ఆసుపత్రులున్న ఊరు కాబట్టి సరిపోయింది. మా నాయనమ్మ కాలపు తెనాలిలో అయితే లెక్క వేరేలా ఉండేది.

ఇప్పుడు "మాటలొచ్చాక" అనే వాదన దగ్గరికి వస్తాను. పైకి చూస్తే ఇంతకంటే నెమ్మదైన మాట లేదు. టీకా వద్దనడం లేదు. బిడ్డ మూడేళ్లకో నాలుగేళ్లకో గలగలా మాట్లాడాక వేయిద్దాం, అప్పుడిక పోయేదేముంది అంటున్నారు. నిజానికి అక్కడి కుటుంబాల్లో చాలామంది బడిలో వేసేలోపు వేయించేస్తారు కూడా. అందుకే బడి ఈడు పిల్లల లెక్కలు చూస్తే అంత భయంకరంగా కనిపించవు. గొయ్యి ఉన్నది ఒకటికీ ఐదుకీ మధ్యలో. తట్టుకి ఇష్టమైన వయసు సరిగ్గా అదే. న్యుమోనియా పట్టుకునేదీ ఎక్కువగా ఆ వయసులోనే. వెయ్యిమందిలో ఒకరికి మెదడువాపు వస్తుంది. అరుదుగా ఏడేళ్లకో పదేళ్లకో మెదడుని తినేసే జబ్బుగా తిరిగొస్తుంది, దానికి మందు లేదు. పైగా ఆ వయసు పిల్లలందరూ ఒకే డేకేర్‌లో, ఒకే తివాచీ మీద, ఒకే బొమ్మని నోట్లో పెట్టుకుంటూ ఉంటారు. ఒక తల్లి ఆగితే ఒక బిడ్డకే ప్రమాదం. టవరంతా ఆగితే ఆ తివాచీ మీద రక్షణ ఉన్నవాళ్లే ఉండరు. తట్టుని ఆపాలంటే నూటికి 95 మందికి టీకా ఉండాలి. రాష్ట్రం సగటు ఎంతున్నా ఆ తివాచీకి ఒరిగేదేమీ లేదు. ఆ పక్కనే ఏడు నెలల మా పిల్ల బోర్లాపడుతోంది.

అసలు ఆగడం వల్ల ఏదైనా లాభం ఉంటే, ఈ ప్రమాదంతో తూచి చూడొచ్చు. లాభం సున్నా. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2019లో చెప్పారు, ఎంఎంఆర్ పడ్డవాళ్లకీ పడనివాళ్లకీ ఆటిజంలో తేడా లేదని. నాలాంటివాళ్లకు అంతకంటే ముఖ్యమైంది 2015లో వచ్చింది. అన్నో అక్కో ఉన్న 95 వేల మందికి పైగా పిల్లల్ని అమెరికాలో పరిశీలించారు. ఆటిజం ఉన్న అన్నయ్య ఉన్న చెల్లెలికి కూడా టీకా వల్ల ముప్పు పెరగలేదు. అలాంటి ఇంట్లో తర్వాతి బిడ్డకి ఆటిజం వచ్చే అవకాశం దాదాపు ఐదింట ఒక వంతు ఉంటుంది, టీకా వేయించినా మానినా.

నాకు ఇవన్నీ చెప్పింది డాక్టరు కాదు. ఆయన్ని నేను అడిగాను. ఏ ఆసుపత్రో అనవసరం. "దీనికీ ఆటిజానికీ సంబంధం లేదు" అని పది సెకన్లలో చెప్పి, ఒక కరపత్రం చేతిలో పెట్టి, తలుపు తీసుకుని వెళ్లిపోయారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నాకు నమ్మకం కలగలేదు. ఆ రాత్రి మళ్లీ ఫోన్. పైగా మా అత్తయ్య అప్పుడు ఇక్కడే ఉన్నారు. "ఏమో అమ్మాయ్, పెద్దాడికి ఆ సూది పడ్డాకే గదా మాట పోయింది? నిప్పు లేందే పొగ రాదు" అన్నారు. ఎమ్మెస్సీ చదివి, గుంటూరు జిల్లాలో పాతికేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ.

మారింది ఒక నర్సు వల్ల. ఇంకోసారి వెళ్లినప్పుడు ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. కరపత్రం తీయలేదు. "మీవాడి గురించి చెప్పండి, మీరు మొదట ఏం గమనించారు, ఎప్పుడు?" అంది. అరగంట విన్నది. చివర్లో, "మొదటి పుట్టినరోజు వీడియో ఉందా? ఇంటికెళ్లి చూడండి" అంది.

చూశాను. పుట్టినరోజు అయిన నాలుగు రోజులకు వాడికి ఎంఎంఆర్ వేయించాం. వీడియో అంతకు ముందుది. కేకు ముందు కూర్చున్నాడు. ఒకవైపు నుంచి నాన్న పిలుస్తున్నాడు, ఇంకోవైపు నుంచి నేను పిలుస్తున్నాను, పదిహేనుమంది చప్పట్లు కొడుతున్నారు. వాడు తల తిప్పలేదు. ఒక్కసారి కూడా తిప్పలేదు. చేతిలో ఉన్న రిబ్బన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, చుట్టుకుంటూ. ఆ రోజు మేమంతా "ఎంత బుద్ధిమంతుడో" అనుకున్నాం. మన భాషలో కాకతాళీయం అని ఎంత చక్కని మాట ఉంది. కాకి వాలింది, తాటిపండు పడింది. మా ఇంట్లో కాకి వాలకముందే పండు ఊడడానికి సిద్ధంగా ఉంది. ఆటిజం గుర్తులు బయటపడే వయసూ ఆ టీకా వయసూ ఒకటే కావడంతో ఎన్ని ఇళ్లలో ఎన్ని కాకుల మీద నేరం పడిందో.

అక్టోబరులో పాపకి వేయించాను. చేతులు వణికాయి, అబద్ధం ఎందుకు. వీడియో చూసినా, 95 వేల మంది లెక్క చదివినా వణికాయి.

కాబట్టి "మాటలొచ్చాక" అనే తల్లి మీద నాకు కోపం లేదు, ఆమె చేస్తున్నది తప్పే అయినా సరే. నా కోపం ఆమెని ఒంటరిగా వదిలేసిన ఏర్పాటు మీద. తట్టు వచ్చినప్పుడు అందరూ పరిగెత్తుకొచ్చారు. ఆ 2017 వేసవిలో సోమాలి మాట్లాడే ఆరోగ్య కార్యకర్తలు మసీదులకీ డేకేర్లకీ ఇళ్లకీ తిరిగారు, ఇమాములు చెప్పారు. రాష్ట్రంలో వారానికి సుమారు 2,700గా ఉన్న ఎంఎంఆర్ డోసులు దాదాపు పదివేలకు పెరిగాయి. పది లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. తమ భాషలో, తమ మనిషి, తీరిగ్గా కూర్చుని చెబితే వింటారని తేలిపోయింది. వ్యాప్తి ముగిసింది. శాతం మళ్లీ జారింది. ఇల్లు అంటుకున్నప్పుడు బావి తవ్వి, మంట ఆరగానే పూడ్చేసుకున్నట్టయింది. 2022లో 22 కేసులు, 2024లో 70. ఇప్పుడు రెండేళ్ల సోమాలి పిల్లల్లో టీకా పడ్డవాళ్లు నాలుగోవంతు దగ్గర ఉన్నారు. 42 చూసి గుండెలు బాదుకున్న రోజులున్నాయి.

నేనైతే ఆటిజం పరీక్ష క్యూ సగానికి తగ్గిస్తే టీకా శాతం పెరుగుతుందంటాను. నవ్వుకోండి. బిడ్డకి ఏమైందో తెలియక ఎనిమిది నెలలు కూర్చున్న తల్లికి ఎవరు జవాబు చెబితే వాళ్లే డాక్టరు. ఆ క్యూలోనే సోమాలి మాట్లాడే మనిషి ఒకరు కూర్చుని, టీకా ఊసే ఎత్తకుండా, బిడ్డ గురించి అడిగితే చాలు. టీకా సంగతి ఆమే ఎత్తుతుంది. నేను ఎత్తాను కదా.

ఇది సోమాలి వాళ్ల జబ్బు అని రాసే పత్రికల గురించి ఒక్క మాట. 2014లో ఒహాయోలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్లకి 383 కేసులు. 2019లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సనాతన యూదుల పేటలు. 2025లో పశ్చిమ టెక్సస్‌లో మెనోనైట్లనే ఇంకో క్రైస్తవ శాఖ వాళ్ల మధ్య మొదలైన వ్యాప్తిలో ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఇక మన సంగతి. మిన్నెసోటాలో వ్యాప్తి ముగుస్తున్న ఆ 2017 ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల పిల్లలందరికీ ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమం మొదలైంది. మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. "అక్కా, బళ్లో వేస్తారంట, పంపనా మాననా? మీ అమెరికాలో దీన్ని బ్యాన్ చేశారంట కదా?" బీటెక్ చదివిన పిల్ల. నేను కరపత్రం పంపలేదు. ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను, అందులో ముప్పావు గంట వాళ్ల బాబు తిండి తినడం లేదన్న గొడవే. మర్నాడు బడికి పంపింది.

డేకేర్ ఆవిడతో స్నేహం అలాగే ఉంది. ఆ చెల్లెలి రెండోవాడికి ఐదేళ్లకు, బడిలో వేసే ముందు, టీకా వేయించారు. వాడు గలగలా మాట్లాడతాడు. ఆ తర్వాత ఇంకో పాప పుట్టింది. 2024 వేసవిలో మళ్లీ కేసులు పెరుగుతున్నప్పుడు ఆ పాపకి ఏడాదిన్నర. ఒక రాత్రి మెసేజ్ వచ్చింది: "వలాల్, రేపు మా చెల్లెలు చిన్నదాన్ని టీకాకి తీసుకెళ్తానంటోంది. ఇంకా మాటలు రాలేదు. నువ్వు వస్తే బాగుంటుంది, నీ ఫోన్లో ఆ వీడియో ఉంది కదా."

వెళ్లాను. వెయిటింగ్ రూములో ముగ్గురం ఒకే ఫోన్ మీదికి వంగి మావాడి పుట్టినరోజు చూశాం. రిబ్బన్ చుట్టుకోవడం వచ్చిన దగ్గర ఆ చెల్లెలు వేలితో ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసింది. తర్వాత తన ఫోన్ తీసి పెద్దవాడి వీడియోలు వెతకడం మొదలుపెట్టింది. పేరు పిలిచినప్పుడు ఇంకా వెతుకుతూనే ఉంది. పాపని వాళ్లక్క ఎత్తుకుంది, ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది, ముగ్గురం లోపలికి వెళ్లాం.